రెండు కాళ్లకీ కలిపి ఎంత?

నేను టెన్త్ పాసయ్యి, ఇంటర్ రెండుసార్లు ఫెయిలయ్యి, గవర్నర్‌పేటలో ఓ ఇంటర్నెట్ సెంటర్లో చేరా. రెండు వేల నాలుగో, ఐదో. నెట్ కోసం వచ్చేవాళ్ల కంటే పెళ్లి బయోడేటాలు టైప్ చేయించుకునేవాళ్లే ఎక్కువ మా దగ్గరికి. ఎత్తు దగ్గరికి రాగానే తల్లులందరూ ఓసారి ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "ఐదడుగుల ఎనిమిది వెయ్యమ్మా" అనేవాళ్లు. నేను టైప్ చేసిన పెళ్లికొడుకులందరూ ఐదూ ఎనిమిదే. మరి బీసెంట్ రోడ్డులో నా చెవి దాకా వచ్చే మగాళ్లంతా ఎవరి కొడుకులో నాకిప్పటికీ తెలీదు.

మా అన్నయ్యది ఐదూ మూడు. అమ్మ నా పక్కనే స్టూలేసుకుని కూర్చుని, "మరీ ఎనిమిదొద్దులే, ఆరు వెయ్యి. మనం అబద్ధాలాడేవాళ్లం కాదు" అంది. వేశా. మూడు మీద నొక్కాల్సిన వేలు ఆరు మీద నొక్కా, అంతే కదా అనుకున్నా.

కంకిపాడు నుంచి సంబంధం వచ్చింది. పెళ్లిచూపులకని అన్నయ్య ఎత్తు మడమల బూట్లు కొన్నాడు. మనిళ్లలో చెప్పులు గుమ్మం బయటే విప్పాలన్న సంగతి ఆ గుమ్మం ముందు నిలబడేదాకా మా ముగ్గురిలో ఒక్కళ్లకీ గుర్తు రాలా. బూట్లు విప్పినవాడు విప్పినట్టే పరిగెత్తి, కనపడ్డ పెద్ద చెక్క కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేస్తే ఒట్టు. అమ్మాయి నాన్నొచ్చాడు, లేవలా. ముసలాయన, వాళ్ల తాత వచ్చాడు, లేవకుండానే దణ్ణం పెట్టాడు. వెళ్లేటప్పుడు సెల్‌లో ఎవరో పిలిచినట్టు నడుం వంచి "హలో, హలో" అనుకుంటూ బయటపడ్డాడు. ఇంత మర్యాద చూశాక కూడా వాళ్లు ఒప్పుకున్నారు. ముహూర్తం ఏడు నెలల తర్వాత పెట్టారు.

ఆ రాత్రి నుంచి అన్నయ్యకి అన్నం సయించలా. "ఆ అమ్మాయి నాకు నచ్చిందే. రేపు పందిట్లో నేను లేచి నిలబడితే నా పెళ్లి అక్కడే ఆగిపోద్ది" అన్నాడు. బయోడేటా దిద్దుదామంటే, అది అప్పటికే ఊళ్లోళ్లందరి చేతుల్లో తిరుగుతా ఉంది. దాని కంటే మనిషిని దిద్దడమే తేలికని తేల్చారు తల్లీ కొడుకూ.

కాళ్లు పొడుగు చేసే ఆపరేషను రష్యాలో చవగ్గా చేస్తారని మా సెంటర్లో నెట్ చూసే కనిపెట్టాడు అన్నయ్య. ఎముక కోసి, చుట్టూ ఇనప రింగులు బిగించి, రోజుకో మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారంట. తను పైపుల హోల్‌సేల్ షాపులో గుమస్తా. "పైపుకి కప్లింగ్ వేసి పొడుగు చెయ్యడం లాంటిదేలే" అన్నాడు. ఇంజెక్షన్ సూది చూస్తేనే కళ్లు తిరిగి పడతాడు, ఈయనకి కప్లింగు!

"ఇక్కడెక్కడా చెయ్యరా?" అన్నా.

"ఇక్కడ చేయించుకుంటే గవర్నర్‌పేట మొత్తం పరామర్శకొస్తది. అక్కడైతే కంపెనీ ట్రైనింగని చెప్పొచ్చు."

ఇక మెయిళ్లు. తను చెప్తాడు, నేను వచ్చీ రాని ఇంగ్లీషులో కొడతా. హోల్‌సేల్ బుద్ధి ఎక్కడికి పోద్ది? "రెండు కాళ్లకీ కలిపి ఎంత? మోకాలి కింద వరకే అయితే ఏమన్నా తగ్గుద్దా? ఇంకో ఇద్దర్ని తీసుకొస్తే?" అని రాయించాడు. వాళ్లు పాపం, ఒక కాలు మేము చెయ్యమండీ అని జవాబిచ్చారు. ఆపరేషనయ్యాక నెలల తరబడి కర్రల మీద నడవాలని కూడా రాశారు.

"మరి పెళ్లికి?" అన్నా.

"పీటల మీద కూర్చునేదేగా!"

ఈలోపు కంకిపాడు నుంచి ఫోను. పెళ్లికొడుక్కి సూటు ఆడపిల్లవాళ్లే కుట్టిస్తారు కదా, కొలతకి ఆది ప్యాంటొకటి పంపమన్నారు. ఇంట్లో గొప్ప గొడవ. ఇప్పుడున్న కాలికి పంపాలా, రాబోయే కాలికి పంపాలా? అమ్మ మేడ మీద అద్దెకుండే బ్యాంకాయన్ని అడిగి ఆయన ప్యాంటొకటి తెచ్చి, ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. "ఆదివారం బస్సెక్కి ఇచ్చిరా. నోరు జారావంటే చంపుతా."

శనివారం అన్నయ్య పక్క దులుపుతుంటే దిండు కింద కాగితం దొరికింది. మా సెంటర్ ప్రింటే. రింగులూ ఊచలూ గుచ్చిన కాలు బొమ్మ. రోజూ అది చూసి ధైర్యం తెచ్చుకుంటన్నాడనుకుంటా, మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ ఆరు కొట్టింది నేను కదా. మేడ మీదాయన ప్యాంటు తీసి పరుపు కింద తోసేసి, కవర్లో అన్నయ్యదే పెట్టా.

కంకిపాడులో ఆ అమ్మాయే తలుపు తీసింది. కవరు విప్పి, ప్యాంటు మడత పెట్టి, ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టి చూసింది. అది చాలక లోపలి నుంచి వాళ్లమ్మ టేపుతో వచ్చింది. ఒక కాలు కొలిచింది. రెండోది కొలిచింది. మళ్లీ మొదటిది కొలిచింది.

"ఇది మీ అన్నయ్యదేనా? నిజం చెప్పు."

"ఆయనదేనండీ. బయోడేటాలో మూడంగుళాలు నేనే ఎక్కువ కొట్టానండీ. ఆయన తప్పేం లేదు."

వాళ్లమ్మ టేపు చుట్టేస్తా, "అంగుళాలెవడిక్కావాలమ్మా? మా ఆయన ఎవరి బయోడేటా అయినా మూడు తీసేసే చదువుతాడు. ఆ రోజు మీ అన్నయ్య కుర్చీలోంచి లేస్తేనా? లేచాకా వంకరగానే పోయాడు. ఒక కాలు పొట్టేమో, కుంటేమోనని మాకు నిద్రల్లేవు. అందుకే ఆది ప్యాంటు అడిగింది. సూటు కొలతలకి దర్జీని పంపలేకనా?" అంది.

అమ్మాయి నవ్వాపుకోలేక పోతా ఉంది. "కుర్చీలో కాళ్లు నేలకి ఆనలేదు వదినా. నేను కాఫీ ఇస్తూ చూశా. రెండూ సమానంగానే ఊగుతున్నాయని చెప్పినా అమ్మ నమ్మలా."

వదినా అనేసింది అప్పుడే. నేనేమో, ఈయన కర్రల మీద పందిట్లోకొచ్చుంటే ఏమయ్యుండేదా అని తల్చుకుని, వాళ్లిచ్చిన మంచినీళ్లు గ్లాసెడు ఒక్క గుక్కలో తాగేశా.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమన్నారే?"

"రెండు కాళ్లూ సమానంగా ఉన్నాయన్నారు."

మొత్తం చెప్పా. అమ్మ ముందు నన్ను తిట్టింది, తర్వాత పరుపు కింద నుంచి బ్యాంకాయన ప్యాంటు తీసి మళ్లీ ఇస్త్రీకిచ్చింది. అన్నయ్య మాత్రం ఓ పక్కన కూర్చుని రెండు పిక్కలూ చేత్తో నిమురుకుంటా ఉండిపోయాడు. మర్నాడు సెంటర్‌కొస్తే రష్యా మెయిలు: సరే, కొంచెం తగ్గిస్తామని. "అయ్యో, బేరం దిగొచ్చాక వద్దనడం పద్ధతి కాదే" అని రెండ్రోజులు బాధపడి, మూడో రోజు వద్దని కొట్టించాడు.

పెళ్లినాడు సూటు అతికినట్టు సరిపోయింది. మావగారు పందిట్లోకొస్తే అన్నయ్య లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ అమ్మ వెనక నుంచి "కూర్చోరా, కూర్చో" అంటానే ఉంది. అన్నయ్య వినలా. వచ్చినవాళ్లందరూ కూర్చునేదాకా అలాగే నిలబడ్డాడు.