హడలత్త చేతిలో స్విచ్

భయానికి ఏదో ఒక కారణం ఉండి తీరాలని జనం పట్టుబడతారు. చిన్నప్పుడు నూతిలో పడిందట, పెళ్ళయిన కొత్తలో ఇల్లు తగలబడిందట అని ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లేస్తారు. హడలత్త విషయంలో అలాంటిదేమీ లేదు. ఆవిడ ఏ నూతిలోనూ పడలేదు, ఏ ఇల్లూ తగలబడలేదు. భర్త రేడియోలు బాగుచేసుకుంటూ, నలుగురినీ నవ్విస్తూ బతికి, మామూలు జ్వరంతో మామూలుగా పోయాడు. ఆవిడ పుట్టడమే భయంతో పుట్టింది, అంతే.

బట్టలు కుట్టడం ఆవిడ పని. కాళ్ళతో తొక్కే మిషను. మోటారు పెట్టించుకోమని కూతురు ఎంత పోరినా ససేమిరా అంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకి, బయటికొచ్చి తలుపు తాళం వేసి, మళ్ళీ తాళం తీసి లోపలికెళ్ళి ఆ ప్లగ్గు పీకే ఉందో లేదో చూసొచ్చేది. గ్యాసు పొయ్యి వెలిగించేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేది. హడలత్త అన్న పేరు వీధి పిల్లలు పెట్టిందే. ఆ పేరు విని ఆవిడ ఏనాడూ కోప్పడలేదు. ఎవరు పిలిచినా ముందు ఉలిక్కిపడేది, కోప్పడే తీరిక ఎక్కడిది?

అలాంటి మనిషిని కరెంటు స్విచ్ దగ్గర కూర్చోబెట్టారంటే ఎవరైనా నవ్వుతారు. కానీ కూర్చోబెట్టారు. ఏడాది చివరి సెలవుల్లో ఆ వీధివాళ్ళంతా కలిసి దీపాల ప్రదర్శన పెట్టేవాళ్ళు. ఎవరికీ పైసా జీతం లేదు. చూడవచ్చినవాళ్ళు డబ్బాలో వేసిన సొమ్మంతా ఊళ్ళోని అనాథ పిల్లల ఇంటికీ, ముసలివాళ్ళ ఆశ్రమానికీ వెళ్ళేది. దీనంతటికీ పెద్దదిక్కు డ్రైవరు బాబాయి. బస్సు నడిపి రిటైరైన మనిషి, హడలత్త భర్తకి స్నేహితుడు. వీధిలోని దీపాలన్నిటికీ కలిపి ఒకటే పెద్ద స్విచ్, మొదటి ఇంటి మెట్ల కింద, మనిషి పట్టేంత చెక్కల గూట్లో. ప్రదర్శన ముగిసేదాకా ఎవరో ఒకరు దాని దగ్గరే ఉండాలి. ఏ కాస్త తేడా వచ్చినా పిడి కిందికి లాగెయ్యాలి.

"ధైర్యవంతుణ్ణి పెడితే ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. మా వదినైతే రెప్ప కూడా వెయ్యదు" అని బాబాయి తేల్చేశాడు.

రెప్ప వెయ్యని మాట నిజమే. కాకపోతే పోయినేడాది ఆవిడ పిల్లి తోక నీడ చూసి ఒకసారి, బల్బు టప్పుమన్నందుకు ఒకసారి, ఎవరిదో చుట్ట పొగ చూసి మరోసారి పిడి లాగేసింది. ఆ చివరిసారి చీకట్లో జనం ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. ఒక పెద్దాయన కిందపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. హడలత్త వారం పాటు అన్నం సరిగ్గా తినలేదు. అప్పటిదాకా కరెంటంటేనే భయం, ఆ రోజునుంచి కరెంటు తీసెయ్యడమన్నా భయం.

ఈ ఏడాది పనులు మొదలవగానే లెక్కలు చూసే బ్యాంకాయన ఆవిడ దగ్గరికొచ్చాడు. "ఏమీ అనుకోకండి అత్తయ్యగారూ. ఈసారి ఊరికే లాగారంటే మాత్రం స్విచ్ ఇంకొకళ్ళకి ఇచ్చేద్దాం."

ఇప్పుడే ఇచ్చెయ్యి నాయనా, నీకు పుణ్యం ఉంటుంది అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చింది. కానీ స్విచ్ తన చేతిలో ఉంటే ఎంత భయమో, ఇంకొకళ్ళ చేతిలో ఉంటే అంతకు రెట్టింపు భయం. సరేనని తలూపింది.

దానికి తోడు ఈ ఏడాది కొత్తగా, జనం లోపలినుంచి నడిచేలా దీపాల సొరంగం ఒకటి కట్టారు. వంచిన పైపుల మీద దీపాల తీగలు, వాటి లోపలివైపు తెల్లటి నైలాను గుడ్డ. ఆ గుడ్డ ఎవరో కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చారు, కుట్టింది హడలత్త. కుడుతున్నన్నాళ్ళూ "ఇది అంటుకుంటేనో?" అని కనపడ్డవాళ్ళనల్లా అడిగింది.

"ఈ బల్బులు చల్లగా ఉంటాయి వదినా, చేత్తో పట్టుకుని చూడు" అన్నాడు బాబాయి. పట్టుకోమంటే ఆవిడ పట్టుకుంటుందా! నాలుగడుగులు వెనక్కి వేసింది. బల్బులు చల్లగానే ఉన్నాయి. తీగల అతుకుల మాట ఎవరికీ తోచలేదు, ఆవిడకి కూడా.

ఇంట్లో ఆవిడ ధైర్యమంతా మనవరాలు. దాన్ని అందరూ పిడుగు అనే పిలుస్తారు. కరెంటు పోతే ఆ ఇంట్లో బెదిరేది పిల్ల కాదు, అమ్మమ్మ. అందుకని పిడుగు ఒక ఆట కనిపెట్టింది. "అమ్మమ్మా, ఉన్నచోటే కూర్చో. చేతులు నెత్తిమీద పెట్టుకో. ఊఁ అంటూ ఉండు. ముందు కదిలినవాళ్ళు ఓడిపోయినట్టు." ఇద్దరూ చీకట్లో చేతులు నెత్తిన పెట్టుకుని ఊఁ అంటూ కూర్చునేవాళ్ళు. పిడుగు ఎప్పుడూ ఓడిపోలేదు. దోమ కుట్టినా కదిలేది కాదు.

మొదటి రోజు చీకటి పడగానే వీధి దీపాలు ఆర్పేశారు. హడలత్త కళ్ళు గట్టిగా మూసుకుని పిడి పైకి తోసింది. బయట జనం ఒక్కసారిగా హోరుమన్నారు. గూట్లో ఒక ముక్కాలిపీట, బాబాయి ప్రకటనలు చేసే బ్యాటరీ మైకు, ఆ స్విచ్, ఆవిడ. ఎదురుగా సొరంగం. కాసేపటికి పసుపు గౌను వేసుకున్న పిడుగు పిల్లల గుంపుతో లోపలికి వెళుతూ చెయ్యి ఊపింది. ఆవిడ ఊపలేదు, చెయ్యి పిడి మీద ఉంది.

అప్పుడు వాసన వచ్చింది.

ఇస్త్రీ పెట్టె కింద నైలాను గుడ్డ క్షణం ఎక్కువసేపు ఉండిపోతే వచ్చే వాసన.  గాలి తిరిగింది, వాసన పోయింది. ముక్కు కూడా మోసం చేస్తోందా? పోయినేడాది కళ్ళు చెయ్యలేదూ? సొరంగంవైపు చూసింది. అంతటా వెలుగే, మంట కనపడలేదు, పొగ కనపడలేదు. వాసన మళ్ళీ వచ్చింది.

 లాగేస్తే లోపలంతా కటిక చీకటి. ఇరుకు దారి, అంతా చిన్నపిల్లలు. ఒకళ్ళమీద ఒకళ్ళు పడితే విరగడం మణికట్టుతో ఆగదు. లాగకపోతే ఆ గుడ్డ వాళ్ళ నెత్తిమీదే ఉంది. తను కుట్టిన గుడ్డ. ఎటు చూసినా పిల్లలే పోయేలా ఉన్నారు. గట్టిగా అరుద్దామనుకుంది. అరిస్తే మాత్రం? అందరూ పరుగెత్తుతారు.

ఆవిడ ఎడమ చెయ్యి మైకు మీద పడింది. జన్మలో ఎన్నడూ మైకు ముట్టుకోని మనిషి.

"పిల్లలూ..." అంది. గొంతు మేక అరుపులా వచ్చింది. ఎవరో నవ్వారు. "పిల్లలూ, ఒక ఆట. అందరూ... ఉన్నచోటే కూర్చోండి. పెద్దవాళ్ళు కూడా. చేతులు నెత్తిమీద పెట్టుకోండి. ఇప్పుడు దీపాలు పోతాయి. ఊఁ అంటూ ఉండాలి. కదిలితే ఓడిపోయినట్టు."

సొరంగం నడిమధ్య పసుపు గౌను అందరికంటే ముందు చతికిలబడింది. దాన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు కూర్చున్నారు. హడలత్త పిడి లాగేసింది.

వీధి మొత్తం నల్లబడింది. ఆ చీకట్లో, అంతవరకు దీపాల మధ్య కలిసిపోయిన చిన్న మంట ఒకటి బయటపడింది. సొరంగం కప్పు మీద, సరిగ్గా నడిమధ్య. దాని కింద పిల్లలు ఊఁ అంటున్నారు. గుడ్డ కరిగి చుక్కచుక్కగా కిందికి కారుతోంది. కూర్చోమన్నది తనే.

"బాబాయ్! పైన!" అని ఎవరో అరిచారు. నిచ్చెన కోసం కాళ్ళు పరుగెత్తాయి. టార్చిలైట్లు వెలిగాయి.

"ఆట అయిపోలేదు" అంది హడలత్త మైకులో. పళ్ళు టకటకమంటున్నాయి. "చేతులు తియ్యకండి. ఇప్పుడు ఊఁ అంటూనే... లేచి, టార్చిలైటు వైపు ఒకళ్ళ వెనక ఒకళ్ళు రావాలి. తోసినవాళ్ళు ఓడిపోయినట్టు."

వచ్చారు. చేతులు నెత్తిన పెట్టుకుని, ముసిముసిగా నవ్వుకుంటూ రెండువైపులనుంచీ వచ్చారు. బాబాయి నిచ్చెనెక్కి తడి గోనెసంచితో కప్పును బాదుతున్నాడు. బయటికొచ్చిన ప్రతి మొహాన్నీ హడలత్త చూసింది. పసుపు గౌను రాలేదు.

ఎందుకు రాలేదో ఆవిడకి వెంటనే అర్థమైంది.  కదిలితే ఓడిపోయినట్టన్నది ఆట, పిడుగు ఎప్పుడూ ఓడిపోలేదు. మిగతావాళ్ళందరూ ఓడిపోయారని అక్కడే కూర్చుని ఉంది.

"పిడుగూ! నువ్వే గెలిచావు తల్లీ! లే!"

లోపలినుంచి "నువ్వు నన్ను కదిలించడానికి చెప్తున్నావు!" అని వినిపించింది. మండుతున్న చుక్క ఒకటి కిందికి జారింది.

"అమ్మమ్మ ఓడిపోయింది! అమ్మమ్మ కదిలిపోయిందమ్మా! ఒట్టు! నీకు దణ్ణం పెడతాను, లే!"

 తరవాత టార్చి వెలుగులోకి పసుపు గౌను నడిచొచ్చింది, చేతులు నెత్తిమీదే ఉన్నాయి, మొహం గెలుపుతో వెలిగిపోతోంది. గౌను అంచున చిల్లు పడింది, నల్లగా. వెనకాల కప్పు గుడ్డ ఒక ముక్కగా ఊడి, ఆ పిల్ల ఇంతవరకు కూర్చున్నచోట పడింది.

ఇదంతా ప్రదర్శనలో భాగమే అనుకుని దూరంగా ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. బాబాయి మసి చేతులతో గూటి దగ్గరికి వచ్చాడు. బ్యాంకాయన నీళ్ళ బకెట్టుతో వెనకాలే వచ్చాడు.

"ఇక వదిలెయ్ వదినా" అన్నాడు బాబాయి.

ఆవిడ వేళ్ళు పిడిని వదల్లేదు. ఒక్కొక్క వేలూ ఆయనే ఊడదియ్యాల్సి వచ్చింది. పిల్లలందరూ ఎప్పుడో మానేసినా మైకులోంచి ఆవిడ ఊఁ అంటున్న చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. పిడుగు ఆ పెద్దవాళ్ళిద్దరినీ తోసుకుని లోపలికి దూరి, అమ్మమ్మ చేతులు రెండూ పట్టుకుని ఆవిడ నెత్తిమీద పెట్టింది.

"ఆట అయిపోయింది అమ్మమ్మా, ఇంక ఆపెయ్యి" అంది.

హడలత్తకి ఆపడం చేతకాలేదు.