నాయనకు తెలియని పెట్రోలు వాసన

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ప్రాంతం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నాయన గిద్దలూరులో సొంత కారును బాడుగకు నడిపేవాడు. దొరల కాలం నాటి బండి. ఏ పార్టు మూలిగినా డ్రైవరు సీటులో కూర్చునే కనిపెట్టేవాడు. అంతకు ముందటి వానాకాలంలో ఆయనకు విషజ్వరం వచ్చి తగ్గింది. అంతా బాగైందనే అనుకున్నాం.

నాకు తొలిచూలు. పుట్టింటికి తీసుకుపోవడానికి నాయన ఆ కారులోనే మార్కాపురంలోని మా అత్తగారింటికి వచ్చాడు. ఊరు దాటామో లేదో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“నాయనా, పెట్రోలు వాసన వస్తాంది.”

“యాడమ్మా? నాకేం రాలేదే. కడుపుతో ఉండేవాళ్లకు అన్నీ వాసనలే. మీ అమ్మా ఇంతే.”

నవ్వుతూ బీడీ నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. “వద్దు నాయనా, వాంతి అయ్యేట్టుండాది” అన్నాను. సరేలే అని రెండూ జేబులో వేసుకున్నాడు.

కంభంలో మోటారు బండ్లు బాగుచేసే సాయిబు ఉండేవాడు. నాయనకు పాత స్నేహితుడు, ఇద్దరూ బావా అని పిలుచుకునేవారు. నా పోరు పడలేక నాయన ఆయన షెడ్డు ముందు ఆపాడు. సాయిబు ఇంకా దగ్గరికి రాకముందే కేక వేశాడు.

“ఏంది బావా ఇది! ముందు బిడ్డను దించు.”

నన్ను ఎదుటి దుకాణం అరుగు మీద కూర్చోబెట్టారు. బానెట్ ఎత్తి చూస్తే లోపలంతా పొడిగానే ఉంది. సాయిబు బండి కింద పడుకుని, ట్యాంకు నుంచి వచ్చే రాగి గొట్టం వెంబడి పాతగుడ్డతో తుడుచుకుంటూ పోయాడు. క్లిప్పు ఊడి, గొట్టం ఇనుప చట్రానికి రాసుకుని సన్నగా చిట్లింది. అక్కడినుంచి పెట్రోలు చుక్కచుక్కగా కారుతోంది.

“ఇంత కంపు కొడతాంటే తెలీలేదా బావా?” అంటూ తడిగుడ్డ నాయన చేతికిచ్చాడు.

నాయన దాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు. మళ్లీ గట్టిగా పీల్చాడు. ముఖం పాలిపోయింది.

“నీళ్లు మాదిరుండాది బావా,” అన్నాడు చిన్నగా.

తర్వాత చేయి జేబు మీదికి పోయింది. అగ్గిపెట్టె తీసి చూసి, అక్కడే చతికిలబడ్డాడు. నా వైపు చూడలేకపోయాడు.

సాయిబు ట్యాంకు ఖాళీ చేసి, గొట్టం ఊడదీసి కడిగి, దూరంగా తీసుకుపోయి టంకం పెట్టాడు. ఇనుము తగలకుండా తోలుముక్క చుట్టి బిగించాడు. ఇంజన్ తిప్పి మళ్లీ తుడిస్తే గుడ్డ పొడిగా వచ్చింది. నాయనకు నమ్మకం కుదరలేదు. గిద్దలూరు దాకా అద్దాలన్నీ దించి, “వస్తాందా అమ్మా?” అని అడుగుతూనే నడిపాడు.

కొన్నాళ్లకే కారు అమ్మేశాడు. వద్దని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. “జనాన్ని ఎక్కించుకునేవాడికి ఇంతమాత్రం తెలియకపోతే ఎట్ల?” అన్నాడు. ఆయనకు వేరే పని రాదు. పొద్దంతా పంచలో కూర్చునేవాడు. జ్వరంతో పోయిన వాసన తెలిసే శక్తి మళ్లీ తిరిగి రాలేదు.

నాకు కూతురు పుట్టినప్పుడు, ఎత్తుకుని దాని తల మీద ముఖం ఆనించి చాలాసేపు అట్లే ఉండిపోయాడు.

“ఎట్లుంటాదమ్మా వాసన?”

“పాలు, సాంబ్రాణి కలిసినట్టుండాది నాయనా.”

తల ఊపాడు. బిడ్డను నా ఒళ్లో పెట్టి, కండువాతో కళ్లొత్తుకుంటూ బయటికి పోయాడు.