నేను ఒంటరిగా వెళ్లలేదు

సన్మానాలంటే నాకు ఒళ్లుమంట. కొత్తవలస దగ్గరి ఆ ఊరి హైస్కూలువాళ్లు పిలిస్తే మాత్రం చీపురుపల్లిలో పొద్దున్నే రైలెక్కాను. అది వైమానిక దళంలో నా జోడీ పైలట్ పుట్టిన ఊరు. యుద్ధంలో అతని విమానం కూలిపోయింది, శవం దొరకలేదు. పారాచూట్ వేసుకుని దిగి శత్రువుకు లొంగిపోయాడని ఊళ్లో పనిలేనివాళ్లు ఓ మాట పుట్టించారు. ఇన్నేళ్లయినా ఆ మాట చావలేదు. అతని అక్క ఇంకా అక్కడే ఉంది. మైకులో ఊరందరికీ నిజం చెప్పమని ఆవిడే నాకు కబురు పెట్టింది.

స్టేజీ ఎక్కానో లేదో వ్యాఖ్యాత అందుకున్నాడు. "ఒంటరిగా శత్రువు గడ్డ మీదికి దూసుకెళ్లిన సింహం!"

ఒంటరిగానా? ఎవడు చెప్పాడు వీడికి? మేం ఎప్పుడూ జంటగానే వెళ్లేవాళ్లం. ముందువాడు బాంబు వెయ్యాల్సిన చోటు చూసుకుంటాడు. వెనకవాడు ముందువాడి వీపు కాస్తాడు. ఆ రోజు ప్రమాదమైన పని, ఎవరు వెళ్తారని అడిగితే ఇద్దరం కలిసే చెయ్యెత్తాం. నేను ముందు, అతను వెనక. నన్ను తరుముతున్న విమానానికి అడ్డం వచ్చి అతను మంటల్లో కూలిపోవడం కళ్లారా చూశాను. పారాచూట్ విచ్చుకోలేదు. తిరిగొచ్చి నేను చెప్పిన మొదటి మాట అదే. ఈ ఊరి చెవికి మాత్రం ఎక్కలేదు.

నా వంతు కోసం కూర్చున్నాను. ముఖ్య అతిథిగా పిలిచిన నాయకుడుగారు ఆలస్యంగా వచ్చి, నాకు శాలువా కప్పి, "ఎన్ని కూల్చారండీ?" అని చెవిలో అడిగి, ఫోటో తీయించుకుని, దేశభక్తి గురించి దంచాడు. తర్వాత పిల్లల డాన్సు. ఆపైన జాతీయగీతం. అయిపోయింది! పిలిచినవాణ్ణి నోరు తెరవనివ్వకుండా శాలువా కప్పి పంపేయడం మనకే చెల్లింది.

దిగి, ముందు వరుసలో ఉన్న అక్క దగ్గరికెళ్లాను. "పోనీలే అక్కా, నీకు తెల్సుగదా," అన్నాను.

"నాకు తెలిస్తే ఏటి లాభం తమ్ముడా? నాను సచ్చిపోతే ఆడు పిరికోడిగానే మిగిలిపోతాడు. ఊరికి సెప్పు," అంది.

జనం కుర్చీలు జరుపుకుంటూ లేస్తున్నారు. మైకువాడు వైర్లు చుట్టేస్తున్నాడు. మళ్లీ స్టేజీ ఎక్కాను. ఇంజన్ల హోరులో అరిచి అరిచి అలవాటైన గొంతు నాది, మైకెందుకు?

"కూకోండి!" అన్నాను. "మీ ఊరోడు పారిపోనేదు. నా ఈపు కాస్తూ సచ్చిపోనాడు!"

లేచినవాళ్లంతా కూర్చున్నారు. అక్క మాత్రం లేచి నిలబడింది.