రూతు మేడమ్ కట్టించిన కెర్నల్

కంప్యూటరు మూత విప్పినప్పుడు లోపల వేడెక్కిన దుమ్ము వాసన ఒకటి వస్తుంది. నిన్న ఆఫీసులో ఆ వాసన తగలగానే పని పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. నా మొదటి ఉద్యోగం, రావులపాలెం దగ్గరి డిగ్రీ కాలేజీ ల్యాబు, దాన్ని చూసుకునే రూతు మేడమ్ వరసగా గుర్తొచ్చారు. పాతికేళ్ళు ఫిజిక్స్ చెప్పిన మనిషి. యాభై దాటాక కంప్యూటర్లు అప్పగిస్తే సంబరంగా నేర్చుకున్నారు. ఎవరితోనైనా "అండి" అనే మాట్లాడేవారు. తెర వెలగడానికి తాత్సారం చేసే మిషనుతో కూడా "లేవండి మరి, తెల్లారింది" అనేవారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ల్యాబులో పది పాత మిషన్లు. వాటిలో ఉచితంగా దొరికే లైనక్స్ వేశాం గాని, మా నెట్‌వర్క్ కార్డులు దానికి అంతుపట్టలేదు. ఒక మిషను మాట ఇంకొకదానికి చేరదు. లైనక్స్ గుండెకాయను కెర్నల్ అంటారు. దాని సోర్సు కోడు, అంటే మనుషులు రాసిన మూల ప్రోగ్రాము, ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి, మా కార్డులకు సరిపడేలా మేమే దాన్ని మళ్ళీ కట్టుకోవాలి. సోమవారం ప్రాక్టికల్ పరీక్షలు, ఆలోపు మిషన్లన్నీ కలవాలి.

"ఏంటి మేడమ్, సోమవారానికి అవుద్దా? అవ్వకపోతే పిల్లల్ని వేరే కాలేజీకి పంపేసి, ల్యాబు మూసేద్దామండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ల్యాబు మూస్తే నా ఉద్యోగమూ పోయినట్టే. ల్యాబు అసిస్టెంటుగా చేరి మూడు నెలలు కూడా కాలేదు.

శుక్రవారం పొద్దున్న మేడమ్ క్లాసుకెళ్ళగానే నేను నా తెలివి చూపించాను. హార్డ్ డిస్కులో చోటు చాలడం లేదు. సోర్సులో చూస్తే వందల ఫోల్డర్లు: రేడియో కార్డులకొకటి, టేపులకొకటి, పేరు కూడా వినని పరికరాలకొకటి. మనకు లేనివాటి సామాను మనకెందుకని, పండక్కి అటక దులిపినట్టు దులిపేశాను. ఆ తరవాత బిల్డు, అంటే కెర్నల్ కట్టే పని, మొదలుపెడితే మొదటి మెట్టులోనే ఆగింది. ఫలానా ఫోల్డరు ఏదని అడుగుతోంది. దాని నోరు ఎలాగో మూయిస్తే ఇంకొకటి ఏదంటోంది. ఆ సోర్సు వేరే వాళ్ళ సీడీ తెచ్చి ఎక్కించింది, సీడీ తిరిగిచ్చేశాం. మా ఫోను లైను మీద మళ్ళీ దింపుకోవాలంటే వారం పడుతుంది. మేడమ్ వచ్చేసరికి ఏడుస్తున్నాను.

"మేడమ్, సగం ఫోల్డర్లు తీసేశానండి. ఉద్యోగం పోతుందండి" అన్నాను.

ఆవిడ బీరువా తెరిచి ఒక సీడీ నా చేతిలో పెట్టారు. మొత్తం సోర్సు!

"ఓరి దేవుడా, ఇదెక్కడిదండి?"

"ముందు అన్నం తినేసి రండి, చెప్తాను" అన్నారు. చెప్పలేదు.

మధ్యాహ్నమంతా చార్టు మీద ఫోల్డర్ల బొమ్మ గీయించారు. దేనిలో ఏముంది, దాని పేరు ఇంకెక్కడ రాసి ఉంది, అన్నీ. నేను తీసేసిన ప్రతిదాని పేరూ దాని పై ఫోల్డరులోని జాబితాలో ఉందని, అది కనిపించకే బిల్డు ఆగిందని గీస్తుంటేనే తెలిసింది. తరవాత కెర్నల్‌లో ఏమేం ఉండాలో ఎంచుకునే మెనూ తెరిచారు. ప్రతి పరికరమూ కావాలా, వద్దా అని అడుగుతుందది.

"వద్దంటే చాలండి, ఊరుకుంటుంది. దానికోసం ఇల్లు కూల్చక్కర్లేదు."

చోటు కోసం పిల్లలు డిస్కులో దాచుకున్న సినిమా పాటలు తీసేయించారు. అందులో నావీ ఉన్నాయి.

శనివారం బిల్డు నాలుగు గంటలు నడిచాక కరెంటు పోయింది. "మళ్ళీ మొదట్నించా అండి!" అని తల పట్టుకున్నాను. కరెంటు వచ్చాక మేడమ్ సగం రాసి ఆగిన ఒక్క ఫైలును చెరిపించి, అదే కమాండు కొట్టమన్నారు. "అయినవాటి జోలికి పోదండి. మిగిలిందే చేస్తుంది." నిజమే! ఆగిన చోటే అందుకుంది. ఇద్దరం చప్పట్లు కొట్టాం.

కట్టిన కెర్నల్‌ను అన్నిటికీ ఎక్కించాక, సోమవారం పది మిషన్లూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. "ఎవరు కట్టారండి?" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఈ అమ్మాయేనండి" అన్నారు మేడమ్. "అయితే ఈ అమ్మాయిని వచ్చే ఏడాదికీ ఉంచుదామండి" అంటూ ఆయన వెళ్ళారు. నాకు గాల్లో తేలినట్టుంది. అప్పుడు మళ్ళీ సీడీ సంగతి అడిగాను. ఆవిడ నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసేశారు.

"పోయినేడాది నేనూ తీసేశానండి. మీరు సగమే, నేను మొత్తం. అప్పట్నించీ కాపీ దాచకుండా దేన్నీ ముట్టుకోను. ఆ సీడీ తిరిగిచ్చే ముందే కాపీ తీయించాను."

"శుక్రవారమే చెప్పొచ్చు కదండి! ఎంత ఏడ్చానో!"

"చెప్తే అంత శ్రద్ధగా చార్టు గీసేవారా?"

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు ఏదో చెరిపేసి, ముఖం వేలాడేసుకుని వస్తుంటారు. బీరువాలో కాపీ ఎప్పుడూ ఉంటుంది. అది ఆవిడ పెట్టిన అలవాటే. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మాట వినను. ఎదురుగా ఒకరు ఏడుస్తుంటే మూడు రోజులు దాచడం నావల్ల కాదు. ముందు అప్పట్లో నేను చేసిన తప్పు చెప్పేస్తాను, తరవాతే కాపీ తీసిస్తాను.