శాంతయ్య తెల్ల చొక్కా

శాంతయ్య గురించి రాసే అర్హత నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఆయన గురించి రాసేవాళ్లు ఇంకెవరూ లేరు. పైగా ఆయనకు అన్యాయం చేసింది నేనే కాబట్టి, ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మార్కాపురంలో మా ఆఫీసులో ఆయన అటెండరు. కురిచేడు దగ్గర మా ఊరి బయటి పాలెంలోనే పుట్టాడు. వాళ్ల నాయన ఏసోబు మా పొలంలో జీతగాడు. పదిహేనో ఏట శాంతయ్య ఊరొదిలి మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాడు. కనుబొమల దాకా దుమ్ము కొట్టుకునే ఆ పని పదేళ్లు చేస్తూనే ప్రైవేటుగా పదో తరగతి గట్టెక్కాడు. ముందు మా ఆఫీసులోనే వాచ్‌మన్, తర్వాత అటెండరు. నేను పుట్టేనాటికే ఆయన ఆ ఆఫీసు తలుపులు తీస్తున్నాడు.

పాలెంలో ప్రతి ఇంట్లోనూ ఆదివారం ఏసు గుడికి వేసుకునే జత ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని వేరే రోజు ముట్టుకోరు. శాంతయ్య మాత్రం అలాంటి బట్టలు వారమంతా వేసుకునేవాడు. గంజి పెట్టిన ఫుల్ చేతుల తెల్ల చొక్కా, బూడిదరంగు ప్యాంటు, టక్కు, బెల్టు, పాలిష్ చేసిన బూట్లు. ఆయన భార్య ఇందిరమ్మకు ఇది నచ్చేది కాదు. "ఆఫీసుకే ఇట్ల పోతే గుడికేం కట్టుకుంటావు?" అని సాధించేది.

"ఆఫీసుకొచ్చేటోళ్లు కష్టంలో వస్తారు. మనం మాసిన బట్టల్లో ఎదురైతే వాళ్ల ధైర్యం ఇంకా దిగిపోతాది," అనేవాడు శాంతయ్య.

నేను 2019లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. మొదటిరోజు జీన్స్ ప్యాంటు, పూలపూల చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. డిగ్రీ చదివానన్న పొగరు అదనం. మధ్యాహ్నం ఆయన నన్ను మంచినీళ్ల కుండ పక్కకు పిలిచాడు.

"సారూ, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. ఈ చొక్కా పెండ్లికి బాగుంటాది. కుర్చీలో కూచున్న మనిషికి బాగుండదు."

కోపం వచ్చింది కానీ, అద్దం చూసుకుంటే ఆయన మాటే నిజమనిపించింది. ఆ ఆదివారం గుడి నుంచి నేరుగా వచ్చి, నన్ను ఏడుకొండలు అనే టైలరు దగ్గరికి తీసుకుపోయాడు. గుడ్డ ఎంచింది ఆయనే, కొలతలు దగ్గరుండి తీయించిందీ ఆయనే. "రెండు ప్యాంట్లు, ఐదు చొక్కాలు చాలు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా రావాల. అప్పుడు పొద్దున్నే తడుముకునే పన్లేదు. మెరిసే గుడ్డ వద్దు. భుజం కుట్టు భుజం ఎముక మీదే ఉండాల, కిందికి జారితే అన్న చొక్కా తొడుక్కున్నట్లుంటాది." కాలరు ఇస్త్రీ చివర్ల నుంచి మధ్యకు చేయాలనీ, చొక్కా తిరగేసి నీడలో ఆరేయాలనీ, జేబులో ఒక్క పెన్నే ఉండాలనీ ఆయనే నేర్పాడు. పొద్దున నేను ఆఫీసు మెట్లెక్కగానే ఎగాదిగా చూసేవాడు. నా కాలరు మడతపడితే నలుగురిలో చెప్పకుండా తన కాలరు సవరించుకునేవాడు. నేను నాది సర్దుకునేవాణ్ణి.

ఇంత చేసిన మనిషిని నేనెలా పిలిచేవాణ్ణి? "శాంతయ్యా, నీళ్లు తే." మా నాయన వయసు మనిషి. నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

రెండేళ్ల తర్వాత మా నాయన చెన్నకేశవులు, కొడుకు పనిచేసే చోటు చూద్దామని మొదటిసారి ఆఫీసుకు వచ్చాడు. శాంతయ్య ఊరొదిలి చాలా కాలమైంది కాబట్టి నాయన ఆయన్ని గుర్తుపట్టలేదు. నేను మేడమ్ గదిలోంచి బయటికి వచ్చేసరికి వరండాలో మా నాయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, చంకలో ఫైలుతో ఎదురొచ్చిన శాంతయ్యకు వంగి దణ్ణం పెడుతున్నాడు.

"నమస్కారం సారూ. నేను మహేష్ నాయన్ని. మావాణ్ణి ఒక కంట కనిపెట్టుండండి."

శాంతయ్య గాభరాపడ్డాడు. "అయ్యా, మీరు నాకు పెట్టొద్దు. నేను పాలెం ఏసోబు కొడుకుని, శాంతయ్యని."

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా నాయన చేతులు విడదీయడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

టీ కొట్టు దగ్గర నాయన గ్లాసు ముట్టలేదు. "జీతగాడి కొడుక్కి నా చేత దణ్ణం పెట్టించినావు గదరా. అటెండరంటే అటెండరు మాదిరి ఉండాల. మీ ఆఫీసులో రూలనేది ఏమీ లేదా?"

దణ్ణం పెట్టమని నీకెవరు చెప్పారు నాయనా, అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. మూడో రోజు పాత బీరువా వెతికి, అటెండర్లు ఖాకీ యూనిఫారం వేసుకోవాలనే సర్క్యులర్ ఒకటి పట్టుకున్నాను. ఏళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నోటు రాసి మా ఆఫీసరు సుచరిత మేడమ్ ముందు పెట్టాను.

"ఇప్పుడిది అవసరమా మహేష్?"

"జనం తికమకపడుతున్నారు మేడమ్. కంప్లైంట్లు వస్తున్నాయి," అన్నాను. వచ్చిన కంప్లైంటు మా ఇంటి నుంచే. ఆమె సంతకం చేసింది.

ఆ పై సోమవారం శాంతయ్య ఖాకీలో వచ్చాడు. దానికీ ఇస్త్రీ ఉంది, భుజం కుట్టు ఎముక మీదే ఉంది. అయినా మనుషులు మారిపోయారు. మొన్నటిదాకా "సార్, ఈ కాయితం ఎక్కడియ్యాల?" అని అడిగినవాళ్లే "ఏయ్, నీళ్లుండాయా?" అనసాగారు. వెలిగండ్ల నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఆయన చేతికి తన హెల్మెట్ ఇచ్చి పట్టుకోమన్నాడు. ఆయన పట్టుకున్నాడు. నేను ఫైలులో తల దూర్చాను.

నన్ను బాగా పొడిచింది అది కాదు. ఆ ఖాకీలో నిలబడి కూడా ఆయన రోజూ నా కాలరు చూస్తూనే ఉన్నాడు.

పోయిన జూన్‌లో రిటైరయ్యాడు. ఆ రోజూ ఖాకీలోనే వచ్చాడు. "ఇవాళైనా మీ తెల్ల చొక్కా వేసుకోవాల్సింది," అంది మేడమ్. "ఐదింటిదాకా డ్యూటీనే గదా మేడమ్," అన్నాడాయన. ఖాకీ మీదే శాలువా కప్పాం. ఫోటోలో ఆయన పక్కన నేను, ఆయన నేర్పిన చొక్కాలో, ఆయన పై అధికారిలా ఉన్నాను.

అందరూ వెళ్లాక రికార్డు గదిలో ఆయన కిటికీలు మూస్తుంటే వెనకాలే వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో నాకే తెలియదు.

"ఆ ఖాకీ నోటు పెట్టింది నేను," అన్నాను.

"తెల్సు సారూ. మీ నాయన వచ్చిపోయిన మూడో రోజే గదా వచ్చింది కాయితం."

"తెలిసీ ఒక్క మాట అనలేదే?"

ఆయన గొళ్లెం బిగించి నావైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు.

"మా నాయన బతికినన్నాళ్లూ మీ వాకిట్లో దణ్ణాలు పెట్టినాడు. అన్నిటికీ కలిపి ఒకటి తిరిగొచ్చింది. అదీ పొరపాటున. దానికే కాయితం రావాల్నా, సారూ?"

అప్పుడైనా ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టి ఉండాల్సింది. మా నాయన అక్కడ లేడు. నవ్వేవాళ్లూ లేరు, గదిలో ఉన్నది మేమిద్దరమే. అయినా నా చేతులు లేవలేదు.