పడుగు కింద నుంచి వెళ్ళిన పాఠం

యుద్ధం రోజుల్లో బియ్యానికీ కిరసనాయిలుకీ కొరత ఉండేది గాని, నా దగ్గర ఉపదేశానికి మాత్రం ఎన్నడూ కొరత లేదు. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. చల్లపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్ళో, నేతగాళ్ళ వీధి చివరి పూరిపాక బడికి నేనే పంతుల్ని, నేనే గంట కొట్టేవాణ్ణి. నన్ను పెంచిన మేనమామ మగ్గం నేస్తూ, సాయంత్రాలు భజన సమాజం నడిపేవాడు. ఏడేళ్ళప్పటి నుంచీ ఆయన పక్కన తాళం వేస్తూ, ఏకాదశికి పురాణం చదువుతూ పెరిగినవాణ్ణి కాబట్టి, గుమ్మంలోకి వచ్చిన ప్రతి పరాయి మనిషీ భగవంతుడేనని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ నమ్ముతాను. ఆ నమ్మకాన్ని ఎలా వాడుకోవాలో అప్పటికి తెలియదు, అంతే.) లెక్కల పాఠంలో కూడా పదిమంది రాక్షసుల్లో ముగ్గురు చస్తే మిగిలేదెందరని అడిగేవాణ్ణి. అందుకే వీధి వీధంతా నన్ను ‘పురాణం పంతులు’ అనేది. అది గౌరవమనుకుని చాలాకాలం మురిసిపోయాను.

విశాఖపట్నంలో, కాకినాడలో బాంబులు పడిన వేసవి అది. అంతకు కొన్ని వారాల ముందే బర్మాలోని రంగం (రంగూన్) నుంచి ఒక తల్లీ కూతురూ మా వీధికి వచ్చి చేరారు. ఆవిడ మా వీధి ఆడపడుచే. భర్త రంగంలో ధాన్యం మిల్లులో పనిచేసేవాడు. అక్కడ జపాను బాంబులు పడగానే ముగ్గురూ బయలుదేరి కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన వచ్చారు. సగం దారిలో వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఆయన పోయాడు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు గనక మా మామయ్య భజన మందిరం వెనక గది వాళ్ళకిచ్చాడు. తల్లి వాళ్ళకీ వీళ్ళకీ నూలు కండెలు చుట్టి పెట్టేది. తొమ్మిదేళ్ళ కూతురు నా బడికి వచ్చేది. పిల్లలందరూ ‘రంగం పిల్ల’ అనేవారు. పిలిస్తే పలికేది తప్ప తనంతట తాను నోరు విప్పేది కాదు.

వీధిలో భయం మొదలైంది. మా వీధి పెద్ద, అందరూ ‘పడుగుల తాత’ అని పిలిచే ముసలాయన, ఒకరోజు బడి ముందు నన్ను ఆపాడు.

“జాలి లేక కాదయ్యా పంతులూ. దారిలో తగులుకున్న జబ్బు ఒంట్లో ఎన్నాళ్ళు దాక్కుంటదో ఎవరికెరుక? యాభై కొంపల వీధి మనది. శుక్రవారం పంచాయతీలో తేల్చేద్దాం. నలుగురూ వద్దంటే బెజవాడ సత్రానికి పంపించెయ్యటమే.”

“తాతా, అతిథి అంటే సాక్షాత్తూ...”

“దేవుడేలే, తెలుసు. దేవుడికి వాంతులు అవుతయ్యా?”

నేను బడిలోకి వెళ్ళి గంట కొట్టాను. (ఆ ప్రశ్నకి జవాబు ఈ రోజుకీ వెతుకుతున్నాను.) కానీ పెద్దవాళ్ళ మనసు మార్చాలంటే ముందు పిల్లల మనసు మార్చాలన్న ఆలోచన మాత్రం తటాలున తట్టింది. లోకంలో ఎక్కడి మనిషైనా మన మనిషేనని, కాందిశీకుల కష్టం మన కష్టమేనని చెప్పాలి. ఊరికే చెబితే ఆవులిస్తారు. అనుభవంలోకి రావాలి. బుధవారం పొద్దున పిల్లలందరూ ఇంటి నుంచి తలొక మూట తెచ్చుకుని, కాలవ గట్టు మీదుగా నడిచి, ఎక్కడి నుంచో వచ్చిన కాందిశీకుల్లాగా వీధిలోకి ప్రవేశించాలి. ఎవరైనా అడిగితే ‘మాకు ఇల్లు లేదండీ, కాస్త చోటివ్వండి’ అనాలి. వాకిట్లో నిలబడ్డ సొంత పిల్లల నోట ఆ మాట విని కరగని తల్లి ఉంటుందా? ఆ రాత్రి నా తెలివికి నేనే కన్నీళ్ళు పెట్టుకున్నాను.

బుధవారం పొద్దున గట్టు మీద రంగం పిల్లని అందరికన్నా ముందు నడవమన్నాను.

“నిజంగానా పంతులుగారూ?” అంది.

“నిజంగా కాదమ్మా. ఇది పాఠం. ఆట అనుకో.”

 ఆ పిల్ల మూటలన్నీ విప్పించి ఒక్కొక్కటే తనిఖీ చేసింది. “ఇత్తడి చెంబు వద్దు, బరువు. మొదటిరోజే పారేస్తావు. చీపురెందుకే నీకు? బెల్లముందా? అది పెట్టుకో, ఎవరికీ చూపించకు.” మిగతా పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అంతకుముందు నా మాట అలా ఎవరూ వినలేదు. అదంతా నా పాఠం గొప్పతనమేనని పొంగిపోయాను. “ఆ అమ్మాయి ఎటు అడుగు వేస్తే మీరూ అటే వెయ్యాలి. దేనికీ ఆగకూడదు” అని ముప్పై మందికీ ఆజ్ఞ ఇచ్చి, భజన పాడుకుంటూ నేను వెనక నడిచాను.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. పొద్దుటిపూట వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాగదీసి కట్టి, నూలుకి గంజి పట్టించి, ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ నిలబడి కుంచెతో తోముతారు. ఆ పడుగు కింద నుంచి ఎవరూ దూరి వెళ్ళకూడదు. అవతలి వరస ఇళ్ళకి వెళ్ళాలంటే దాని చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. నడక నేర్చిన పసివాడికి మా వీధిలో చెప్పే మొదటి మాట అదే. పడుగు కింద దూరిన నేతగాళ్ళ బిడ్డని మా తాతల కాలం నుంచీ ఎవరూ చూసి ఎరగరు. కానీ రంగం పిల్ల పెరిగింది మిల్లు పక్కన, ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకి అవతలి వరసలో భజన మందిరం, దాని అరుగు మీద కండెలు చుడుతున్న అమ్మ కనిపించారు. తలవంచి పడుగు కింద నుంచి దూరింది. దేనికీ ఆగవద్దని పంతులుగారు చెప్పారు కదా! వెనకున్న ముప్పై మందీ మూటలతో సహా దూరారు.

పడుగుల తాత చేతిలో కుంచె జారిపడింది. “ఒరే, పడుగు కింద దూరుతున్నార్రా! ఏమైందర్రా?”

మా మామయ్య కొడుకు, ఆరేళ్ళవాడు, చెప్పమన్నది చెప్పమన్నట్టే చెప్పాడు. “మాకు ఇల్లు లేదండీ.”

“ఇల్లు లేకపోవటమేంట్రా? ఎవరు తరిమారు?”

అది నేను నేర్పలేదు. వాడే ఆలోచించుకున్నాడు. “జపాను వాళ్ళు.”

ఆ తర్వాత జరిగినదాన్ని వరసగా చెప్పడం నా వల్ల కాదు. ఒకావిడ పొయ్యి మీది అన్నం గిన్నె కొంగుతో పట్టుకుని పరిగెత్తింది. ఒకాయన ఇంటి తలుపు ఊడబీకి నెత్తిన పెట్టుకున్నాడు (తలుపు పోతే మళ్ళీ చేయించుకోవడం కష్టమట). మా మామయ్య హార్మోనియంతో గట్టెక్కాక వెనక్కి తిరిగి, “అత్తయ్యేదిరా?” అని నన్నడిగాడు. నాలుగైదు ఇళ్ళలో మగ్గం మీది చీరని సగంలోనే కోసేశారు. నేత పూర్తికాని బట్టకి కత్తి పెట్టడమంటే మావాళ్ళకి ప్రాణం మీదికి వచ్చినట్టే. “పాఠమండీ! ఇది పాఠమండీ!” అని నేను అరుస్తూనే ఉన్నాను. కానీ, ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను, అంతమంది పరిగెత్తుతుంటే నాకూ అనుమానం వచ్చింది. ఒకవేళ సరిగ్గా ఈ రోజే జపాను వాళ్ళు నిజంగా వచ్చారేమో! పురాణం పుస్తకం చంకలో పెట్టుకుని నేనూ పరిగెత్తాను. చాలామందిని దాటేశాను కూడా.

పక్క ఊరి పొలిమేరలో తపాలా బంట్రోతు సైకిలు మీద ఎదురొచ్చాడు. “అంతా కలిసి ఎక్కడికండీ, పెళ్ళికా?”

“జపాను వాళ్ళొచ్చారయ్యా!”

“చల్లపల్లి నుంచే వస్తున్నా. అక్కడెవరూ లేరే!”

అందరూ ఆగారు. మెల్లగా, ఒక్కొక్కరే, నా వైపు తిరిగారు.

తిట్లు ఇక్కడ రాయను. తిట్టి తిట్టి దాహం వేసి ఆ ఊరి బావి దగ్గరికి వెళితే, అక్కడివాళ్ళు చేద లాగేసుకుని, “ముందు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పండి. ఏం జబ్బులు తెచ్చారో ఏమో, దూరంగా ఉండండి” అన్నారు.  పడుగుల తాత ఆ చేద వైపు చూసి గట్టు మీద చతికిలబడ్డాడు.  “ఆ రంగం పిల్లేదయ్యా?” అన్నాడు.

పిల్లల్ని లెక్కపెట్టాను. ముప్పై మందీ ఉన్నారు. ఆ పిల్ల లేదు, తల్లీ లేదు. నేను పరుగెత్తేటప్పుడు ఆ పిల్ల నా మనసులోనే లేదు.

“వెళ్ళి తీసుకురా. పంచాయతీ లేదు, గించాయతీ లేదు. ఉండమన్నానని చెప్పు” అన్నాడు తాత.

మధ్యాహ్నం ఎండలో లాకుల దగ్గర దొరికారు. బెజవాడ వెళ్ళే పడవ కోసం కూర్చున్నారు. అందరూ ఒకవైపు పరిగెత్తితే, ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని రెండోవైపు లాక్కొచ్చిందట. జనం ఎటు పోతే బాంబులు అటే వస్తాయందట. నేను తాత చెప్పిన మాట చెప్పాను. తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “వింటున్నావా అమ్మాయీ? ఉండమన్నారే” అంది.

ఆ పిల్ల కదల్లేదు.

“అది నిజం కాదమ్మా, నేను చెప్పలేదూ? ఆట” అన్నాను.

“మా నాన్న కూడా ఆటే అన్నాడు” అంది ఆ పిల్ల. “అడవిలో నడవలేనని ఏడిస్తే, ఇది ఆటే, ఆ కొండ దాటితే అయిపోతుందన్నాడు. దాటాక ఇంకో కొండ చూపించాడు.”

నాకు తెలిసిన పురాణాలన్నిటిలో వెతుక్కున్నాను.  తల్లి కూతురి తల నిమురుతూ, “కోపం లేదు బాబూ. నువ్వు మంచికే చేశావు. దీన్ని మాత్రం ఇంక నమ్మించి నడిపించలేను” అంది. పడవ వచ్చింది. నేనూ ఎక్కాను. బెజవాడ వన్ టౌన్‌లో కాందిశీకులకి గంజి పోస్తున్న సత్రంలో వాళ్ళని దింపి, పదిరోజుల తర్వాత భజన సమాజం బియ్యం మూటతో మళ్ళీ వెళ్ళాను. తాత తన వంతుగా ఒక పరికిణీ గుడ్డ పంపాడు. వాళ్ళు లేరు. ఎటు వెళ్ళారని అడిగితే సత్రం గుమాస్తా రైలు పట్టాల వైపు చెయ్యి ఊపాడు. పట్టాలు అక్కడి నుంచి నాలుగు దిక్కులకీ పోతాయి. ఇంట్లో దీపం పెట్టినప్పుడల్లా ఆ తల్లీ కూతుళ్ళని తలుచుకుంటాను. పేరు అడిగి తెలుసుకోలేదు గనక దేవుడి దగ్గర కూడా ‘రంగం పిల్ల’ అనే చెప్పుకోవాల్సి వస్తోంది.

ఆరేళ్ళ తర్వాత నైజాం వైపు గొడవలకి తట్టుకోలేక కొన్ని కుటుంబాలు మా వైపు వచ్చాయి. నలుగురు పిల్లలు నా బడిలో చేరారు. అదే నెలలో ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చి, గోడకి కొత్తగా కట్టిన ప్రపంచ పటాన్ని బెత్తంతో తట్టి అడిగారు.

“లోకమంతా ఒకే కుటుంబమన్న సంగతి, కాందిశీకుల సంగతి పిల్లలకి ఎలా బోధించారు పంతులుగారూ?”

“బోధించలేదండీ.”

“మరి?”

“కాస్త జరిగి వాళ్ళకి చోటివ్వమన్నానండీ.”

“అంతేనా?”

“అంతేనండీ.”

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, తనిఖీ పుస్తకంలో ‘ఉపాధ్యాయునికి ఉత్సాహం చాలదు’ అని రాసి సంతకం పెట్టారు. ఆయన వెళ్ళాక ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, నాలో నేనే నవ్వుకుని, పుస్తకం కళ్ళకద్దుకున్నాను.