పంపుషెడ్డులో అద్దం మూత పెట్టె

మా వంశంలో చేతులకు మసి అంటించుకున్న మొదటివాణ్ణి నేనే. అంటించుకున్నా ఇస్త్రీ చొక్కా మానలేదు. జగ్గయ్యపేటలో ఉంటూ రోజూ బస్సులో నందిగామ వెళ్లి, బస్టాండు ఎదుట చిన్న గదిలో మోటారు స్టార్టర్ల బోర్డులు బాగుచేస్తాను. భూములు పోయాక మాకు నిటారుగా కూర్చునే అలవాటొక్కటే మిగిలింది. అది సోల్డరింగుకు ఎంతమాత్రం పనికిరాదు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.

వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డున రైతులు కలిసి నడుపుకునే ఎత్తిపోతల పంపుషెడ్డు ఒకటుంది. అక్కడి మోటారును ఫోనుతో నడుపుతారు. రహస్యపదం మెసేజి పెడితే తిరుగుతుంది. నేను రాకముందు ఆ మెసేజి అందుకునే పెట్టెలో బోర్డు మీద నల్లటి జిగురు పోసి గట్టిపరిచారు. లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఆ వేసవిలో ఎవరి వంతూ కాని వేళల్లో మోటారు రెండుసార్లు తిరిగింది. రహస్యపదం మోటారు చూసుకునే ఆవిడ దగ్గరే ఉండేది. కాలవ చివర ఆవిడకో రెండెకరాల మిరప తోట. అందరి చూపూ ఆవిడ మీద పడింది. పెట్టె మాత్రం నోరు విప్పలేదు.

అప్పుడు నన్ను పిలిచారు. నేను పట్టుకెళ్లిన పెట్టెకు అద్దంలాంటి ప్లాస్టిక్ మూత. బోర్డు మీది గీతలన్నీ కాగితం మీద గీసి గోడకు అంటించాను. నడిపే ప్రోగ్రాము అచ్చువేసి ఇచ్చాను. అందులోని చిప్పు తయారుచేసినవాళ్లు దాని లోపలి అమరిక కూడా దాచకుండా లోకానికి చూపించేశారు. వచ్చిన ప్రతి మెసేజీ, అది ఏ ఫోను నుంచి వచ్చిందీ బోర్డు రాసిపెట్టుకుంటుంది.

రైతు సంఘం పెద్దాయన మిరప టిక్కీ బస్తాలు కొనేవాడిలా నడుచుకున్నాడు. పైన కనిపించే కాయ చూసి సంతోషించే మనిషి కాదు, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి తీస్తాడు. ప్రోగ్రాము కాగితాల్లోనూ అడుగుది లాగి, ఇదేం చేస్తుందని అడిగాడు. చెప్పాను. మధ్యలోంచి ఇంకోటి లాగాడు. అదీ చెప్పాను. చివరకు ఆయనకు ఒకే అనుమానం మిగిలింది. ఇంత బట్టబయలు చేస్తే దొంగకూ తెలిసిపోదా అని.

తెలియనివ్వండి అన్నాను. దాచాల్సింది రహస్యపదం ఒక్కటే, అది నేను సొంతంగా ఆలోచించి పెట్టానని నలుగురిలో గొప్పగా చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వారంపాటు ఆ పదం ఎవరికీ చెప్పను, ఈలోగా ఎవరైనా ఈ మోటారు తిప్పగలిగితే, పెట్టె గోడనుంచి ఊడదీసుకుని మళ్లీ మీ గడప తొక్కనన్నాను.

ఆరోరోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. మోటారు తిరుగుతోందట.

వెళ్లేసరికి షెడ్డు నిండా జనం. అందరి ముందూ బోర్డు రాసుకున్నది తెరిచాను. ఒకే ఒక మెసేజి. మొదటి ప్రయత్నంలోనే సరైన పదం. నంబరు ఆవిడదే. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, చేతిలో ఫోను దాచుకోకుండా, నావైపే చూస్తోంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పాలండీ బాబుగారూ? సొంతంగా ఆలోచించి పెట్టానన్నారుగా. మీరు సొంతంగా ఆలోచిస్తే ఎక్కడికెళ్తారో పేటలో ఎవరికి తెలీదు?"

నేను పెట్టిన పదం మా ఇంటిపేరు, దాని పక్కన మా తాతగారి బిరుదు. మా పాత లోగిలి సింహద్వారం మీద రాతిలో చెక్కి ఉన్నది ఉన్నట్టు. ఆ లోగిలి ఇప్పుడు మిరప గోడౌను. ఆవిడ రెండు సీజన్లు అక్కడ తొడిమలు తీసింది. రోజూ ఆ రాయి కిందనుంచే లోపలికెళ్లింది.

పెద్దాయన పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు. "పెట్టె దిట్టంగానే ఉందండి. తాళంచెవే మీ గుమ్మానికి తగిలించి వచ్చారు."

మాట మాటే. నేను స్క్రూడ్రైవరు తీశాను. మొదటి మర సగం తిప్పానో లేదో ఆవిడ అడ్డొచ్చింది.

"ఉంచండి. ఆ నల్ల పెట్టె వల్ల నేను చెయ్యని పని నా మీద పడింది. కాదని చూపించుకోటానికి ఏమీ లేకపోయింది. ఇందులో నేను చేసింది నేనే చేసినట్టు కనబడింది. చెయ్యకపోతే అదీ కనబడుద్ది. నాక్కావాల్సింది అదే."

నేను స్క్రూడ్రైవరు దించాను. తర్వాత పెద్దాయన, పెట్టె ఉంటుంది, పదం మాత్రం మారాలి, ఈసారి ఎవరి బుర్రలోంచీ రాకూడదు అన్నాడు. ఆ సంగతి నేనే ముందు చెప్పి ఉండాల్సింది. ఆవిడ పక్కింటినుంచి అష్టాచెమ్మా గవ్వలు తెచ్చింది. గవ్వలు వేసినప్పుడల్లా వెల్లకిలా పడ్డవెన్నో లెక్కపెట్టి, అలా ఇరవై అంకెలు వరసగా కొత్త పదంగా పెట్టెలో నొక్కడమెలాగో ఆవిడకీ పెద్దాయనకీ నేర్పాను.

నేర్చుకున్నాక పెద్దాయన మిగతా జనాన్ని పంపేశాడు, ఇద్దరూ నావైపు చూశారు.

"మీరు కాస్త బయటికెళ్లండి బాబుగారూ," అంది ఆవిడ.

పెట్టె తయారుచేసింది నేనని గుర్తుచేశాను.

"అందుకేనండీ," అంది.

బయటికొచ్చాను. తలుపు లోపలినుంచి గడియ పడింది. పైపు పక్కన ఎండలో, వెన్ను వంచకుండా నిలబడ్డాను. లోపల గవ్వలు ఇరవైసార్లు గచ్చు మీద పడ్డాయి. పడ్డప్పుడల్లా ఆవిడ అంకె గుసగుసగా చెబుతోంది. వినపడకుండా ఉండటానికి నాలుగడుగులు ఏటివైపు జరిగాను.